వినైల్ ఫ్లోర్ మీద నల్లచారలు: పైపొర పోకుండా తీయడం, మళ్లీ పడకుండా చూసుకోవడం

పాత షాబాద్ బండల మీదో, పగుళ్లు వచ్చిన గచ్చు మీదో వినైల్ మ్యాట్ పరిచిన ఇళ్లు హన్మకొండ, కాజీపేట కిరాయి గల్లీల్లో ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. బండలు తీసి టైల్స్ వేయాలంటే ఓనరు ఒప్పుకోవాలి, దుమ్ము భరించాలి, ఇల్లు ఖాళీ చేయాలి, డబ్బులు పెట్టాలి. మ్యాట్ అయితే పొద్దున పరిచి సాయంత్రానికి సామాను సర్దుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంటుంది. నెల తిరగకముందే బీరువా జరిపిన చోట, కూలర్ చక్రాలు తిరిగిన చోట, కుర్చీ వెనక్కి లాగిన చోట నల్లచారలు మొదలవుతాయి, ఇక చేతికి ఏది దొరికితే దానితో గీకుడే: గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్, బాత్రూం యాసిడ్, అవేవీ పని చేయకపోతే పెయింటర్ వదిలేసి పోయిన థిన్నర్. చార పోతుంది, నిజమే. దానితో పాటు ఆ చోట మెరుపూ పోతుంది, గరుకు తేలిన ఆ జాగాలో రోజూ మురికి పట్టి, చివరికి చార కంటే పెద్ద మచ్చ మిగులుతుంది. నేను చూసిన పాడైపోయిన వినైల్ ఫ్లోర్లలో ఎక్కువ శాతం ఇలా తుడవబోయి పాడు చేసుకున్నవే.

కాబట్టి ఇందులో ఒకటే సూత్రం పట్టుకోండి: మెత్తటి పద్ధతితో మొదలుపెట్టి, అది పని చేయకపోతేనే తర్వాతి దానికి పోవాలి, చార పోగానే ఆపేయాలి.

ఎందుకంటే వినైల్ అనేది పైనుంచి కింది దాకా ఒకటే సరుకు కాదు. అడుగున పీవీసీ దిమ్మె, దాని మీద చెక్క డిజైనో రాయి డిజైనో అచ్చు వేసిన పలచటి ఫిల్ము, ఆ డిజైన్‌ను కాపాడటానికి పైన పారదర్శకమైన పొర ఒకటి, మంచి రకాల్లో ఆ పొర మీద మళ్లీ పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత. ఈ పారదర్శక పొర మామూలు ఇంటి రకాల్లో 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు, చవక రోల్ మ్యాట్లలో అంతకంటే పలచగానే ఉంటుంది. మీరు స్క్రబ్బర్ పెట్టి గీకేది ఆ పొరనే. గ్రానైట్‌ను పాలిష్ పట్టించినట్టు దీన్ని మళ్లీ పాలిష్ పట్టించలేం, అరిగింది అరిగినట్టే.

ముందు అది ఏ రకం మరకో చూడండి

సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ఫోన్‌ను నేలకు ఆనించి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. తర్వాత వేలి గోటిని చారకు అడ్డంగా మెల్లగా జరపండి.

గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయినా, లేదా కొంచెం ఉబ్బెత్తుగా తగిలినా, అది పైన అంటుకున్న చార. రబ్బరు సోలో, చక్రమో, కుర్చీ కాలి బుష్షో గట్టిగా రాసుకుపోయినప్పుడు ఆ రాపిడి వేడికి రబ్బరు పిసరంత కరిగి ఫ్లోర్‌కు అతుక్కుంటుంది. టైర్లకూ నల్ల సోల్‌లకూ నలుపు వచ్చేది కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి పొడి వల్ల, అందుకే చార అంత నల్లగా కనిపిస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ఇది నూటికి తొంభై సార్లు పోతుంది, టెన్షన్ పడొద్దు.

గోరు గాడిలో పడినట్టు ఆగితే అది గీత. పైపొర తెగింది. అందులో ఇరుక్కున్న మురికి తీస్తే కొంచెం తేలికగా కనిపిస్తుంది తప్ప, ఏ ద్రవం పోసినా గీత పూడదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

గోటికి ఏమీ తగలదు, ఎంత తుడిచినా రంగు మారదు, పసుపు పచ్చగానో గోధుమ రంగులోనో మబ్బుగా ఉంది, పైగా అది డోర్ మ్యాట్ ఆకారంలోనే ఉంది అంటే, అది లోపలికి ఇంకిన మరక. రబ్బరు చిట్లిపోకుండా ఉండటానికి అందులో కలిపే రసాయనాలు మెల్లమెల్లగా వినైల్‌లోకి దిగి రంగు మార్చేస్తాయి. ఇది మురికి కానే కాదు కాబట్టి ఏ సబ్బుకూ పోదు. దీని మీద గంటలు గంటలు రుద్దే వాళ్లను చూస్తే జాలేస్తుంది. దాని మీద ఒక కాటన్ మ్యాట్ వేసి వదిలేయండి.

ఊడ్చి, తడిబట్ట పెట్టాకే రుద్దడం

మన దగ్గర గల్లీ రోడ్ల మొరం, ఇంటి ముందు కట్టుబడి ఇసుక, ఎండాకాలం గాలిదుమ్ము, ఇవన్నీ కాళ్లతో పాటు లోపలికి వస్తాయి. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, అది వినైల్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. చార మీద నాలుగు ఇసుక రేణువులు ఉండగానే బట్ట పెట్టి రుద్దితే మీరు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అందుకని మెత్తటి పొరకతో ఊడవండి, కొబ్బరి ఈనెల పొరక వాకిట్లోకే, లోపల వద్దు. తర్వాత తడిపి గట్టిగా పిండిన బట్టతో ఆ జాగా తుడిచి, ఆరనివ్వండి. రెండు నిమిషాల పని, కానీ అందరూ వదిలేసేది ఇదే.

పొడిగా రుద్ది చూడండి

మొదటి ప్రయత్నానికి నీళ్లు కూడా అక్కర్లేదు. పాత కాటన్ సాక్స్ చేతికి తొడుక్కుని, చార మీద ఒకే దిక్కుకు గట్టిగా, వేగంగా కాకుండా, తుడవండి. చిన్న చారలు కొన్ని దీనికే ఊడి వస్తాయి.

పోకపోతే పిల్లల జామెట్రీ బాక్సులోంచి తెల్ల రబ్బరు తీసుకోండి. నటరాజ్, అప్సరా ఏదైనా సరే, పెన్సిల్ చెరిపే మెత్తటి తెల్ల రబ్బరు. పెన్ను చెరిపే గరుకు రబ్బరు అస్సలు వద్దు, అందులో గీకే పొడి ఉంటుంది. రంగు రబ్బర్లు కూడా వద్దు, వాటి రంగు మళ్లీ ఫ్లోర్‌కు అంటుకుంటే ఇంకో పని. కాగితం మీద తప్పు చెరిపినట్టే చెరపండి, నల్లటి పొట్టు చుట్టలు చుట్టుకుని వస్తుంది, దాన్ని ఊదేయండి. అడుగు పొడవు చార పోవడానికి పెద్ద టైం పట్టదు.

హాలంతా చారలే, కూర్చుని చెరపడానికి మోకాళ్లు సహకరించవు అంటారా? గల్లీ క్రికెట్‌కు పిల్లలు కొనే టెన్నిస్ బంతి ఒకటి తీసుకుని దానికి ఒక వైపు కత్తితో ప్లస్ గుర్తులా గాటు పెట్టండి, ఆ గాటులోకి మాప్ కర్ర చివర దూర్చండి. ఇక నిలబడే చార మీద రుద్దుకుంటూ పోవచ్చు. బంతి మీద ఉండే నూగు రబ్బరును పట్టి లాగుతుంది, పైపొరకు ఏమీ కాదు. ట్యూషన్ సెంటర్లు, చిన్న క్లినిక్‌లు, కుట్టు షాపులు, అంటే జనం చెప్పులతోనే లోపలికి వచ్చే చోట్ల దీన్ని మించిన సాధనం లేదు. బంతి మాత్రం శుభ్రంగా ఉండాలి. మొరంలో ఆడిన బంతినే తెచ్చి రుద్దితే పైన చెప్పిన గరుకు కాగితం కథే.

గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల లిక్విడ్

పొడిగా పోని వాటికి అర బకెట్ గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. చెంచాకు మించొద్దు. నురగ ఎక్కువ వస్తే శుభ్రత ఎక్కువని మనకో నమ్మకం, కానీ మిగిలిపోయిన సబ్బు ఆరాక కంటికి కనపడని జిగట పొరగా మారి, మర్నాటి దుమ్మంతా పట్టుకుంటుంది. సర్ఫ్ పొడితో తుడిచే ఇళ్లలో ఫ్లోర్ ఎప్పుడూ మసకగా కనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

బట్ట ముంచి, పిండి, చార మీద ఒక నిమిషం అలా పరిచి ఉంచి, తర్వాత రుద్దండి. పోయాక మామూలు నీళ్లతో ఇంకోసారి తుడిచి, పొడిబట్టతో ఆర్పండి. ఈ ఆర్పడం ముఖ్యం, మన బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లు, అవి వాటంతటవి ఆరితే తెల్లటి చారలు పడతాయి. భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇల్లయితే ఆఖరి తుడుపుకు అవి వాడుకోండి.

కొబ్బరినూనె

రబ్బరు చారకు నీళ్ల కంటే నూనె బాగా పని చేస్తుంది, ఎందుకంటే రబ్బరుకు నీళ్లంటే పడదు, నూనెను మాత్రం పీల్చుకుని మెత్తబడుతుంది. కొబ్బరినూనె బట్టకు రెండు చుక్కలు రాసి చార మీద అద్ది, ఐదు నిమిషాలు ఆగి తుడవండి. డిసెంబరు చలికి సీసాలో నూనె గడ్డకట్టి ఉంటుంది కదా, అరచేతిలో కరిగించుకుంటే చాలు. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే ఇంట్లో ఉంటే అదీ పని చేస్తుంది, బట్ట మీద కొట్టి తుడవాలి, ఫ్లోర్ మీద నేరుగా కొట్టొద్దు. స్టిక్కర్ జిగురుకు కూడా ఇదే మందు.

అయితే నూనె రాసిన చోటును వెంటనే సబ్బు నీళ్లతో రెండుసార్లు తుడవకపోతే చార పోయిన సంతోషం ఎక్కువసేపు ఉండదు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు జారతారు. వినైల్ మీద నూనె కంటికి కనపడదు, కాలికే తెలుస్తుంది. ఆ జాగా మీద అరచేయి పెట్టి చూసి, జారకపోతేనే మనుషులను నడవనివ్వండి.

వంటసోడా, స్పిరిట్, మ్యాజిక్ స్పాంజ్: ఈ వరసలోనే

ఇంకా మొండికేస్తే వంటసోడా మూడు చెంచాలకు నీళ్లు ఒక చెంచా వేసి ముద్ద చేయండి. మెత్తటి బట్టతో, వేళ్ల బరువు మాత్రమే పెట్టి గుండ్రంగా తిప్పండి. సోడా కూడా ఎంతో కొంత గీకే వస్తువే, కాకపోతే చాలా మెత్తగా గీకుతుంది. పని కాగానే కడిగేయండి, తెల్లటి పొర మిగిలితే ఇంకో తడిబట్ట. టూత్‌పేస్ట్ పెట్టమని చాలామంది చెప్తారు, నేను చెప్పను, ఏ పేస్టులో ఎంత గరుకు పొడి ఉందో మనకు తెలిసేది లేదు.

తర్వాతిది సర్జికల్ స్పిరిట్. మెడికల్ షాపులో చిన్న సీసా దొరుకుతుంది. కరోనా రోజుల శానిటైజర్ ఎక్కడైనా మిగిలి ఉంటే అదీ నడుస్తుంది, కానీ అందులో కలిపిన గ్లిజరిన్ వల్ల జిగట మిగులుతుంది కాబట్టి తర్వాత నీళ్లతో తుడవాలి. ముందు బీరువా కిందో, తలుపు చాటునో కనపడని చోట ఒక చుక్క పెట్టి బట్టతో తుడిచి చూడండి, బట్టకు డిజైన్ రంగు అంటినా, ఆ చోట మసకబారినా ఇక వాడొద్దు. ఏమీ కాకపోతే బట్టకు అద్దుకుని చార మీద రెండు మూడుసార్లు తుడిచి వదిలేయండి. ఫ్లోర్ మీద పోసి నానబెట్టడం కాదు. కిటికీ తెరిచి ఉండాలి, దేవుడి గదిలో దీపం, వంటింట్లో స్టవ్ ఆర్పి ఉండాలి, ఇది అంటుకునే ద్రవం.

పెన్ను గీతలకు, స్కెచ్ పెన్ మరకలకు, గోరింటాకు కోన్ పడిన మరకలకు కూడా మొదట ప్రయత్నించాల్సింది స్పిరిటే, ఎంత త్వరగా తుడిస్తే అంత మంచిది.

ఆఖరి అస్త్రం తెల్లగా ఇటుకలా ఉండే మ్యాజిక్ స్పాంజ్, మెలమైన్ నురగతో చేసింది. చేతికి మెత్తగానే తగులుతుంది, నిజానికి అది చాలా సన్నటి గరుకు కాగితం. అందుకే అంత బాగా పని చేస్తుంది, అందుకే ఆఖర్న పెట్టాను. తడిపి, పిండి, బరువు వేయకుండా చార మీద మాత్రమే రుద్దండి. మెరిసే రకం ఫ్లోర్ అయితే ఆ చోట మెరుపు తగ్గే అవకాశం ఎక్కువ, మెరుపు లేని మాట్ ఫినిష్ అయితే అంతగా తెలియదు. దీంతో వారం వారం హాలంతా తుడిచే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ఇంట్లో ఉన్నా వీటి జోలికి పోవద్దు

అసిటోన్, అంటే గోళ్ల రంగు తీసే ద్రవం, ఇది పీవీసీని మెత్తబరిచి కరిగిస్తుంది. పోసిన చోట జిగటగా అయి అచ్చు చెరిగిపోతుంది. పెయింట్ థిన్నర్ కూడా అదే బాపతు. పెట్రోలు, కిరోసిన్ అయితే పొరను పాడు చేయడంతో పాటు జాయింట్ల నుంచి దిగి అడుగు జిగురును వదిలిస్తాయి, ఇంట్లో మంట ప్రమాదం సరేసరి.

బాత్రూం యాసిడ్ చారకు ఏమీ చేయదు, రబ్బరు యాసిడ్‌కు కరగదు, కానీ పైపూత పాడవుతుంది. ఇక్కడే ఇంకో మాట: యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులు వేసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఫ్లోర్ సంగతి తర్వాత, మనుషులు ముఖ్యం, ఆ రెండూ ఒకే బకెట్‌లోకి ఎప్పుడూ రాకూడదు.

ఆకుపచ్చ స్క్రబ్బర్, స్టీలు పీచు, గిన్నెల సబ్బు బిళ్ల, ఇవన్నీ గీకేవే. నల్ల ఫినాయిల్ రంగు పట్టిస్తుంది. స్టీమ్ మాప్ వేడికి అంచులు లేస్తాయి. మెరుపు కోసం కార్ పాలిష్, ఫర్నిచర్ పాలిష్ కొట్టడం కూడా చూశాను, మెరుస్తుంది, ఐస్ మీద నడిచినట్టు జారుతుంది కూడా.

మళ్లీ పడకుండా

తీయడం కంటే ఇది పెద్ద పని, ఎందుకంటే చార ఎవరి వల్ల పడుతుందో మనం సరిగ్గా చూడం. బయటి దేశాల వాళ్లు రాసేవి చదివితే బూట్లు బూట్లు అంటారు. మన ఇళ్లలో చెప్పులు దర్వాజ బయటే విడుస్తాం కదా, బడి బూట్లు కూడా గడప దాటి లోపలికి రావు. మన చారలన్నీ లాగిన సామాను వల్ల పడేవి. షాపులు, హాస్టళ్లు, ట్యూషన్ గదులు వేరు, అక్కడ బూట్లదే పాపం.

గ్యాస్ సిలిండర్‌తో మొదలుపెడదాం. నిండు సిలిండర్ దాదాపు 30 కిలోల బరువు, అడుగున ఇనుప రింగు. దాన్ని వంచి అంచు మీద తిప్పుకుంటూ వంటింట్లోకి తీసుకుపోతారు, ఆ బరువంతా వేలెడంత అంచు మీద పడి వినైల్ మీద వంకర టింకరగా గీత కోసుకుపోతుంది. ఇది తుడిస్తే పోయే రకం కాదు. సిలిండర్ తెచ్చే అన్నకు గుమ్మం దగ్గరే చెప్పండి, "అన్నా, తిప్పకు, ఎత్తి పెట్టు" అని, లేదా దర్వాజ దగ్గరే దింపించుకుని ఇద్దరు పట్టుకుని తీసుకుపోండి. స్టవ్ కింద సిలిండర్ పెట్టే చోట ఒక చెక్క ముక్కో ప్లాస్టిక్ స్టాండో ఉంచండి, లేకపోతే తడికి ఇనుప రింగు తుప్పు పట్టి గుండ్రటి మరక దిగుతుంది. ఇప్పటికే దిగి ఉంటే నిమ్మరసం ఐదు నిమిషాలు పెట్టి కడిగేయండి, తేలికపాటి తుప్పు పోతుంది.

కుర్చీలు, డైనింగ్ టేబుల్. చప్పుడు రాకుండా కాళ్లకు నల్ల రబ్బరు బుష్షులు వేయిస్తాం, మంచి పని చేశామనుకుంటాం, తీరా ఆ బుష్షులే రోజూ నల్లగీతలు గీస్తుంటాయి. వాటి బదులు ఫెల్ట్ ప్యాడ్లు అంటించండి, వెనక జిగురుతో గుండ్రటి ముక్కలుగా హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి. అంటించే ముందు కాలి అడుగును స్పిరిట్‌తో తుడిస్తే ఎక్కువ కాలం నిలుస్తాయి. నెలకోసారి కుర్చీ తిరగేసి చూడండి, ఫెల్ట్‌లో ఇసుక గుచ్చుకుని ఉంటే అది మళ్లీ గీకుతుంది, దువ్వి తీయండి, అరిగితే మార్చండి. కంప్యూటర్ కుర్చీకి గట్టి ప్లాస్టిక్ చక్రాలుంటే పాలీయురేథేన్ చక్రాలు వేయించుకోవచ్చు, లేదా కింద రబ్బరు లేని చెయిర్ మ్యాట్ పరుచుకోవచ్చు.

కూలర్. మార్చి వస్తే అటక మీంచి దిగుతుంది, జూన్ దాకా హాలుకూ పడగ్గదికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు నిండాక దాని బరువు సంగతి చెప్పక్కర్లేదు. ఈ కాలంలోనే మన వైపు ఎండ 44 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి, కిటికీ ఎండ నేరుగా పడే చోట వినైల్ మెత్తబడి ఉంటుంది, ఆ మెత్తటి దాని మీద సన్నటి ఇనుప కాళ్ల స్టాండ్ నిలబెడితే గుంటలు పడతాయి, లాగితే చారలు కాదు, చీరుకుపోతుంది. కాళ్ల కింద వెడల్పాటి ప్లాస్టిక్ కప్పులు పెట్టండి, జరపాలంటే నీళ్లు తీసేసి జరపండి, మధ్యాహ్నం ఆ కిటికీకి కర్టెన్ వేయండి. డిజైన్ వెలిసిపోకుండా కూడా కర్టెన్ కాపాడుతుంది.

బీరువా, మంచం, ఫ్రిజ్ జరపాల్సి వస్తే జంపఖానా పద్ధతి వాడండి. కొత్తవాడలో నేసే మన వరంగల్ కాటన్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, కొత్తది అక్కర్లేదు, ఇంట్లో పాతబడినది ఒకటి నాలుగు మడతలు వేయండి. ఒకరు సామాను ఒక వైపు కొంచెం ఎత్తితే ఇంకొకరు కాళ్ల కిందికి మడత తోయాలి, రెండో వైపూ అంతే. తర్వాత జంపఖానా అంచు పట్టుకుని లాగితే బీరువా దానంతటది వచ్చినట్టు వస్తుంది, ఫ్లోర్ మీద ఒక్క గీత పడదు. లాగే ముందు దారి ఊడవడం మరిచిపోవద్దు. బాగా బరువైన ఫ్రిజ్ లాంటి వాటికి, ముఖ్యంగా చక్రాలున్న వాటికి, బట్ట సరిపోదు, పలచటి ప్లైవుడ్ ముక్కలు రెండు ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ వాటి మీదుగా నడిపించాలి.

రాత్రి దొంగల భయానికి స్కూటీని హాల్లో పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. టైరు రోజూ ఒకే చోట ఆగితే నల్లచారతో పాటు పైన చెప్పిన ఆ పసుపు మరక కూడా దిగుతుంది, స్టాండ్ గుంట వేరే. టైర్ల దారిలోనూ స్టాండ్ కిందా చెక్క పలక వేయండి, పెయింట్ వేసిన ప్లైవుడ్ ముక్క చాలు. పిల్లల సైకిల్ ఇంట్లో తొక్కనివ్వొద్దు అని రాయడం సులువు, వాన పడే రోజున ఆపి చూడండి! కనీసం గట్టిగా బ్రేక్ వేసి టైరు జారించే ఆట మాన్పించండి.

డోర్ మ్యాట్ల గురించి: బయట గడప ముందు కొబ్బరి పీచు మ్యాట్, మొరం, ఇసుక అక్కడే రాలాలి. లోపల కాటన్ మ్యాట్. లోపలి దాన్ని కొనేటప్పుడు తిరగేసి చూడండి, వెనక నల్ల రబ్బరు గానీ రబ్బరు పాలు పూసిన పొర గానీ ఉంటే వినైల్ మీదికి వద్దు. జారకుండా ఉంటుందని షాపతను అదే చూపిస్తాడు. జారుడు భయం ఉంటే వినైల్‌కు పనికొస్తుందని రాసి ఉన్న జాలీ తీసుకుని మ్యాట్ కింద వేసుకోండి. రెండు మూడు రోజులకోసారి మ్యాట్లు బయట దులపకపోతే అవే ఇసుక గోదాములు.

పండుగల సంగతి ఒకటుంది, ఇది చార కాదు గానీ అడిగే వాళ్లు ఎక్కువ. బతుకమ్మకు గునుగు పూలను రంగు నీళ్లలో ముంచి ఆరబెడతాం, ఆ రంగు చుక్క వినైల్ మీద పడి ఆరిందా, ఇక వదలదు. పూలు ముంచే పని వాకిట్లోనో డాబా మీదో పెట్టుకోండి, బతుకమ్మ పేర్చే తాంబాళం కింద ప్లాస్టిక్ షీట్ వేయండి. గడపకు పసుపు రాసేటప్పుడు వినైల్ అంచు మీద పాత పేపరు పరిచి రాయండి. పసుపు పడితే వెంటనే సబ్బు నీళ్లతో తుడవండి. కొంచెం మరక మిగిలినా కంగారు పడొద్దు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది, కిటికీ వెలుతురు తగిలే చోటైతే మెల్లగా పలచబడుతుంది.

ఇల్లు తుడవడానికి అక్క ఎవరైనా వస్తుంటే బకెట్‌లో ఏం పోయాలో మీరే కలిపి ఇవ్వండి, సీసా చేతికిచ్చి ఊరుకోవద్దు. శుక్రవారం శుక్రవారం నీళ్లు కొట్టి కడిగే అలవాటు బండలకు సరే, వినైల్‌కు కాదు. నీళ్లు జాయింట్ల నుంచి అడుగుకు దిగి, ఆరే దారి లేక ముక్కిన వాసన వస్తుంది, అంచులు లేస్తాయి, లేచిన అంచుకు ప్రతి కాలూ తగిలి అక్కడే మొదట నలుపు పడుతుంది. పిండిన మాప్ చాలు.

ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. షాపులో మొత్తం మందం చెప్పి అమ్ముతారు, 1.5, 2 మిల్లీమీటర్లు అని. మీరు అడగాల్సింది పైపొర మందం. ఇంటికి 0.3, జనం తిరిగే షాపుకు 0.5 మిల్లీమీటర్లు లేదా పైన తీసుకోండి. ఎస్‌పీసీ (రాతిపొడి కలిపిన గట్టి వినైల్) పలకలకూ ఇదే లెక్క. ఎక్కువ మెరిసేవి, తెల్లటివి, ఒకే రంగు నల్లటివి చారలను ఎత్తి చూపిస్తాయి, గీతలు గీతలుగా ఉన్న లేత చెక్క డిజైన్, మాట్ ఫినిష్ చాలా దాచేస్తుంది. పాత బండల మీద పరిచేటట్టయితే ముందు జాయింట్లు, ఎత్తుపల్లాలు సిమెంటుతో పూడ్చి సమం చేయించండి, లేకపోతే ఎత్తుగా ఉన్న బండ అంచు మ్యాట్ మీదికి తేలి, మొదటి చార, మొదటి అరుగుదల అక్కడే వస్తాయి.

గీత లోతుగా పడితే

సన్నటి గీత అయితే వినైల్ కోసమే అమ్మే ఫ్లోర్ పాలిష్ పలచగా పూస్తే గీత అంచుల తెల్లదనం తగ్గి కనపడకుండా పోతుంది. లోతుగా తెగితే ముక్క మార్చడమే. అంచులు ఒకదానికొకటి బిగించే క్లిక్ పలకలైతే దగ్గరి గోడ నుంచి విప్పుకుంటూ వచ్చి ఆ పలక మార్చి మళ్లీ పేర్చాలి. రోల్ మ్యాట్ అయితే మీరే చేసుకోవచ్చు: మిగిలిన ముక్కను పాడైన చోటు మీద పెట్టి, డిజైన్ గీత గీతకు కలిసేదాకా జరిపి, కదలకుండా టేప్ వేయండి. చెక్క డిజైన్ గీతల వెంట స్టీల్ స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో పై ముక్కనూ కింది మ్యాట్‌నూ ఒకే కోతలో కోయండి, అప్పుడు రెండింటి కొలత ఒకటే వస్తుంది. పాత ముక్క ఊడదీసి, అడుగు శుభ్రం చేసి, వినైల్ జిగురు పలచగా రాసి కొత్త ముక్క కూర్చోబెట్టి, పైన పాత పుస్తకాల బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాత కూడా రెండు రోజులు అక్కడ తడిబట్ట పెట్టొద్దు.

దీనికి మిగులు ముక్క ఉండాలి కదా. మ్యాట్ పరిచే రోజునే పనివాళ్లు తీసుకుపోకముందే రెండడుగుల ముక్క ఒకటి అడిగి పక్కన పెట్టుకోండి, తర్వాత అదే డిజైన్ దొరకడం కష్టం. దాన్ని మడత పెడితే ఆ మడత గీత ఎప్పటికీ పోదు, లావుగా చుట్టి దారం కట్టి, ఎండ తగలని అటక మీద పడుకోబెట్టండి.